యం.ఎల్.ఎ. ముందు ఏం పెట్టాలి?

ఈ మధ్య మా వీధి చివరింటి అమ్మాయికి ఇంగ్లీషు టీచరుగా పోస్టింగ్ వచ్చింది. బొల్లాపల్లి అవతల ఎక్కడో హైస్కూలు. చేరడానికి వెళ్ళేముందు స్వీటు డబ్బా పట్టుకుని వచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పండి మేడం అంది. నాలుగు మాటలతో తెమిలే ఉద్యోగం కాదమ్మా, రాసి ఇస్తాలే అన్నాను. రాయడం మొదలుపెట్టాక, ఆ పిల్ల ఒక్కదానికే ఎందుకు, కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళందరికీ పనికొస్తుంది కదా అనిపించింది.

నేను ఎప్పుడు ఎక్కడికి బదిలీ అయ్యానో, ఇంక్రిమెంటు కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కానో ఇందులో ఉండదు. ఆ సంగతులన్నీ నా సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి. దాన్ని చదివి బాగుపడినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. కారంపూడి నుంచి మాచర్ల దాకా పల్నాడు పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ నేను ఎక్కడెక్కడ బోల్తా పడ్డానో, ఎవరెవరి దగ్గర నోరు మూసుకున్నానో, ఎక్కడ తెరిచానో అదే రాస్తాను.

మన ఉద్యోగం నిజానికి ఏమిటి

ఇంగ్లీషు టీచరంటే ఇంగ్లీషు చెప్పే మనిషి అని బయటివాళ్ళు అనుకుంటారు. కాదు. మూడు చిన్న మాటల కోసం ఉద్యోగమంతా పోట్లాడే మనిషి. 'ఎ', 'యాన్', 'ద'. ఈ మూడూ లేకుండానే మన తాతముత్తాతలు పెళ్ళిళ్ళు చేసుకున్నారు, గట్ల దగ్గర తన్నుకున్నారు, కోర్టులకెక్కారు, రాజీ పడ్డారు. ఎక్కడా పని ఆగలేదు. తెలుగులో గేదె వచ్చిందంటే వచ్చినట్టే. ఇంగ్లీషువాడికి అలా కుదరదు. ఆ గేదె సంగతి వినేవాడికి ముందే తెలుసా, తెలియదా అన్నది తేలితే గాని వాడు గేదెను లోపలికి రానివ్వడు. తెలియని గేదె అయితే 'ఎ', తెలిసిన గేదె అయితే 'ద'. మిగతా వ్యాకరణమంతా ఒక ఎత్తు, ఈ ఒక్క ముక్క ఒక ఎత్తు.

కారంపూడిలో ఏడో తరగతి పిల్లలకు తమ ఊరి గురించి రాయమని ఇచ్చాను. ఒక పిల్ల ప్రతి మాట ముందూ 'ద' తగిలించి తెచ్చింది. ద గేదె ద చేలో పడింది, ద మనిషి ద కర్రతో తోలాడు. ఇంతకుముందు చెప్పని గేదెకు 'ద' ఎలా వస్తుందే, ఏ గేదె అని అడగరా అన్నాను. ఆ పిల్ల నా వంక జాలిగా చూసింది.

"మా గేదే మేడం. పొద్దున మీరు బస్సు దిగేటప్పుడు అడ్డం వచ్చింది గదా, అదే."

మరి ఆ మనిషి ఎవరు అంటే, సుబ్బయ్య బాబాయి అంది. ఆయన్ని తెలియనివాళ్ళు ఊళ్ళో ఎవరున్నారని నన్నే ఎదురడిగింది. అందరికీ అందరూ తెలిసిన ఊళ్ళో 'ఎ' కు పనేముంటుంది?

అప్పటినుంచి నేను పాఠం ఇంకోరకంగా మొదలుపెట్టేదాన్ని. మధ్యాహ్నం బస్సులో ఒక మనిషి దిగాడు అని చెప్పి ఆగేదాన్ని. ఎవరింటికొచ్చాడు మేడం, ఏ ఊరు, ఎవరి తాలూకు అని క్లాసంతా ఎగబడేది. మీరు ఇలా అడుగుతున్నంతసేపూ వాడు 'ఎ మ్యాన్', ఎవరింటి చుట్టమో తేలిపోయిన మరుక్షణం 'ద మ్యాన్' అని చెప్పేదాన్ని. వెంటనే ఎక్కేది. కొత్త మనిషి కనిపిస్తే కూపీ లాగందే ఊరుకోని ఊళ్ళలో ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. మీరూ వాడుకోండి.

'ఎ' అంటే అవమానం, 'ద' అంటే మర్యాద

గురజాల వైపు ఒక స్కూల్లో నా హెడ్మాస్టరు గారు మంచివారే. ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టించడానికి ఆఫీసుల చుట్టూ తిరిగి, కసిరించుకుని, చివరికి కట్టించేదాకా ఊరుకోని మనిషి. అందుకని ఆయన మీద నాకు గౌరవం. ఇప్పుడు చెప్పబోయేది ఆ గౌరవం ఉంచుకునే చెబుతున్నాను.

ఆటల పోటీల రోజున నన్ను ఇంగ్లీషులో మాట్లాడమన్నారు. పిల్లల ఆటలంటే ఇంత ఇష్టపడే ఒక హెడ్మాస్టరు మనకు ఉండటం అదృష్టం అని 'ఎ హెడ్మాస్టర్' వేసి చెప్పాను. చప్పట్లు కొట్టారు. సాయంత్రం గదికి పిలిపించారు.

"ఏందమ్మా, నేనీ స్కూలుకి ఎవరో ఒక హెడ్మాస్టర్నా?"

వ్యాకరణం చెప్పబోయాను. గ్రామరు తనకూ తెలుసని, గ్రామరు వేరు మర్యాద వేరని కసిరారు. ఆ తర్వాత ఆయన పేరెత్తినప్పుడల్లా ముందు 'ద' పెట్టేదాన్ని. ఆయన మొహం విప్పారేది. చివరికి ఆ మాట మీద ఆయనకే మోజు పుట్టింది. ద టీ, ద సంతకం, ద దేవుడు. వార్షికోత్సవం నాడు వేదిక మీద తన భార్యను పరిచయం చేస్తూ "ద మై వైఫ్" అన్నారు. ఆమె పాపం నిండుగా నమస్కారం పెట్టింది. నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. కొత్తగా చేరేవాళ్ళకు చెప్పేదేమిటంటే, మన అధికారుల దగ్గర 'ఎ' వాడేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి. వాళ్ళకు అది వ్యాకరణంలా వినపడదు, పలానా వాడు కాదు పొమ్మన్నట్టు వినపడుతుంది.

మన నోటి సంగతి

గైడు పుస్తకాల్లో ఒక అబద్ధం ఉంటుంది. అచ్చు అక్షరం ముందు 'యాన్', హల్లు ముందు 'ఎ' అని. అక్షరం కాదు, శబ్దం. గంటను ఇంగ్లీషులో హెచ్ తో రాస్తారు, 'అవర్' అని పలుకుతారు, కాబట్టి 'యాన్'. యూనివర్సిటీని యు తో రాస్తారు, పలికితే ముందు వచ్చేది 'య', కాబట్టి 'ఎ'. కళ్ళతో కాదు, చెవులతో వెయ్యండి అని నేను చెప్పేదాన్ని. పై అధికారులు వచ్చి మెచ్చుకుని వెళ్ళారు కూడా.

చెప్పేంతవరకు బాగానే ఉంది. ఆచరణలోనే తల ప్రాణం తోకకొచ్చింది. మన నోరు అచ్చును ఒట్టిగా పలకదు కదా. ఎద్దును యెద్దు అంటాం, ఎల్లమ్మను యెల్లమ్మ అంటాం, ఒకటిని వొకటి అంటాం. అదే నోటితో ఇంగ్లీషులోకి దిగుతాం. అప్పుడు కోడిగుడ్డు 'యెగ్గు' అవుతుంది, ఏనుగు 'యెలిఫెంటు' అవుతుంది, ముసలాయన 'వోల్డు మ్యాన్' అవుతాడు. నేను చెప్పిన సూత్రాన్ని నిజాయితీగా పాటించే పిల్ల 'ఎ యెగ్గు' అని రాస్తుంది. తప్పా? సూత్రం ప్రకారం ఒప్పే. నోరే తప్పు.

కాబట్టి ముందు నోరు దిద్దండి, తర్వాత ఆర్టికల్ దిద్దండి. గుడ్డును దిద్దడం తేలికే. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఇచ్చే రోజున సరిగ్గా పలికినవాళ్ళు వరసలో ముందు అంటే చాలు. దిద్దలేనివి కొన్నున్నాయి. యస్.ఐ. గారు, యం.ఆర్.ఓ. గారు, యం.ఎల్.ఎ. గారు. వీళ్ళను పిల్లలు పుస్తకంలో నేర్చుకోరు. ఇంట్లో, టీ కొట్టు దగ్గర, పోలీస్ స్టేషన్ అరుగు మీద నేర్చుకుంటారు. అక్కడ అందరూ 'య' తోనే మొదలుపెడతారు. పెద్దవాళ్ళను మనవైపు ఎలా పిలిస్తే అలాగే పిలవాలి, సవరించడానికి వీల్లేదు.

పెద్ద ఎర్ర మిరపకాయలు

పేరు ముందు రెండు మూడు విశేషణాలు వచ్చినప్పుడు ఏది ముందు, ఏది వెనక అన్నది ఇంకో గొడవ. ప్రైవేటు స్కూళ్ళ వాళ్ళు దీనికి పొడవాటి మంత్రం ఒకటి బట్టీ పట్టిస్తారు. అభిప్రాయం, సైజు, వయసు, ఆకారం, రంగు, ఊరు, సరుకు అంటూ. పిల్లలు ఆ మంత్రం ఒప్పగించేసరికి ఏ వస్తువు గురించి మాట్లాడుతున్నారో మర్చిపోతారు.

నేను మంత్రం చెప్పలేదు. పెద్ద ఎర్ర గుంటూరు మిరపకాయలు అనండి అన్నాను. అన్నారు. ఇప్పుడు గుంటూరు ఎర్ర పెద్ద మిరపకాయలు అనండి అన్నాను. నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారంటే చెప్పలేరు, కానీ తేడా పట్టేశారు. ఇంగ్లీషులోనూ చాలావరకు అదే వరస. మన పిల్లలకు ఇది పుట్టుకతోనే వచ్చు, రాదని మనమే భయపెడతాం.

ఒక్క విషయం మాత్రం చెప్పక తప్పదు. 'ఎ' వెయ్యాలా 'యాన్' వెయ్యాలా అన్నది దాని పక్కనే వచ్చే మాటను బట్టి, చివర వచ్చే పేరును బట్టి కాదు. 'యాన్ ఎగ్' అయినా, మధ్యలో పెద్ద అనే మాట దూరితే 'ఎ బిగ్ ఎగ్'. మధ్యలో ఎవరు దూరితే వాళ్ళ మాటే చెల్లుతుంది.

మనవైపు విశేషణాలకు అసలైన బడి ఫ్లెక్సీ. యువకిశోరం, బడుగుల ఆశాజ్యోతి, అలుపెరగని పోరాటయోధుడు అని నాయకుడి పేరు ముందు బారులు తీరి ఉంటాయి. ఏది ముందు రావాలో వ్యాకరణం చెప్పదు, ఫ్లెక్సీ కట్టించినవాడు చెబుతాడు. ఎంత ముదిరినా 'యువ' మాత్రం పోదు.

షమీమ్

ఇక అసలు సంగతి. మాచర్లలో నేను చివరగా చెప్పిన పదో తరగతిలో షమీమ్ అనే పిల్ల ఉండేది. తండ్రి నాగూర్ వలీకి బస్టాండు దగ్గర బండ్లు బాగుచేసే చిన్న షాపు. పిల్ల మాటకారి కాదు, కానీ వింటే చెవులతో కాదు ఒళ్ళంతటితో వినేది. శబ్దాన్ని బట్టి ఆర్టికల్ అన్న ముక్కను నా క్లాసులో దానంత గట్టిగా పట్టుకున్నవాళ్ళు లేరు.

ఆ ఏడు ఒక మిర్చి వ్యాపారి, శెట్టిగారు, తల్లి పేరు మీద ఇంగ్లీషు పోటీ పెట్టారు. పల్నాడులో పదో తరగతి పిల్లలు ఎవరైనా రావచ్చు. గెలిచిన ఒక్కరికి నరసరావుపేటలో ఇంటర్ చదువు, హాస్టలు, పుస్తకాలు అన్నీ ఆయన ఖర్చే. నేను షమీమ్ పేరు ఇచ్చి, తండ్రికి చెబుదామని షాపుకు వెళ్ళాను. ఆయన చేతులు గుడ్డతో తుడుచుకుంటూ విన్నాడు.

"సీటొస్తే పంపిస్తా మేడం, మీ మీద నమ్మకం ఉంది. రాకపోతే మాత్రం నన్నేమీ అనొద్దు. ఆ ఫీజులు నావల్ల గాదు. మిషను కుట్టడం నేర్పిస్తా."

అందులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఉన్నది చెప్పాడు. షమీమ్ షాపు బయట నిలబడి అంతా వింది. ఒక పిల్ల చదువు నేను నేర్పిన ఇంగ్లీషు మీద నిలబడటం అదే మొదటిసారి.

పోటీ

ఏ ఊళ్ళో జరిగిందో చెప్పను. చెబితే ఏ యం.ఎల్.ఎ. నో మీరు ఇట్టే పట్టేస్తారు. ఒక కల్యాణ మండపం, పెళ్ళికి వేసిన పూలదండలు ఇంకా తియ్యలేదు. వధూవరుల సింహాసనాల్లో ఒకదాంట్లో యం.ఎల్.ఎ. గారు, ఇంకోదాంట్లో శెట్టిగారు. ప్రశ్నలు అడిగేది మా పై అధికారి ఒకాయన. ఇంగ్లీషులో తనను మించినవాడు జిల్లాలో లేడని ఆయనకు గట్టి నమ్మకం.

ఒక్కొక్కరే వెనక్కి పోయి చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు షమీమ్. ఇంకొకడు సాయితేజ, నరసరావుపేట ప్రైవేటు స్కూలు పిల్లాడు. వాడు చురుకైనవాడే, నాకు వాడిమీద కోపం లేదు. వాడి ఇంట్లో ఫీజుకు లోటు లేదు. వాడి స్కూలుకు కావలసింది సీటు కాదు, ఫ్లెక్సీ మీద వెయ్యడానికి ఫొటో. ఇద్దరికీ మార్కులు సమానం. ఇక ఒక్క ప్రశ్న.

అధికారి గారు వేదిక మీది పెద్దమనిషి వైపు ఒకసారి వంగి, ఆయనకు సంతోషం కలిగేలా ఒక ప్రశ్న ఎంచుకున్నారు. మైకులో చదివారు. "హి ఈజ్ డాష్ యం.ఎల్.ఎ." ఖాళీలో ఏ ఆర్టికల్ వస్తుందో ఇద్దరూ పలక మీద రాసి చూపించాలి.

షమీమ్ 'ఎ' అని రాసింది. సాయితేజ 'యాన్' అని రాశాడు. 'యాన్' కరెక్ట్ అన్నారు అధికారి. వాడి స్కూలు వాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు, వాడి ఫొటో కూడా తీసుకున్నారు. షమీమ్ కూర్చోలేదు.

"శబ్దాన్ని బట్టి గదా సార్ వెయ్యాల్సింది?"

శబ్దాన్ని బట్టే అన్నారు ఆయన. మొదటి శబ్దం ఏదో పలికి చూపిద్దామని నిండుగా నోరు తెరిచి "యం" అన్నారు. మైకు దాన్ని మండపమంతా వినిపించింది. "'య' అన్నారు గదా సార్" అంది షమీమ్. వెనక వరసల్లో కిసుక్కున నవ్వారు. ఇంగ్లీషువాళ్ళు అలా పలకరమ్మా అని ఆయన కసిరారు. మీరు పలికిందే విన్నాను సార్ అంది అది.

నేను లేచాను. ప్రశ్న కాగితం మీద ఇవ్వలేదు, మీ నోటితో అడిగారు, మీ నోటికి తగ్గ జవాబే ఆ పిల్ల ఇచ్చింది, ఇంగ్లీషువాడి నోటికి జవాబు కావాలంటే ఇంగ్లీషువాడితోనే అడిగించాల్సింది అన్నాను. కూర్చోండి మేడం అన్నారు. కూర్చోలేదు. ఆయన మొహం ఎర్రబడింది. జవాబుల కాగితం తీసి అందరికీ చూపించారు, అందులో 'యాన్' అని ఉంది, అదే ఫైనల్ అన్నారు. షమీమ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మిషను కుట్టు దానికి కళ్ళముందే కనిపిస్తోందని నాకు తెలుసు.

అంతసేపూ ఫోన్ చూసుకుంటున్న యం.ఎల్.ఎ. గారు తలెత్తి, గొడవేందని పక్కనున్న శెట్టిగారిని అడిగారు. మీ ముందు ఏం పెట్టాలో తేలట్లేదండి అన్నారు శెట్టిగారు. ఏం పెట్టడమేందని ఆయన కంగారుపడ్డారు. అధికారి పరుగున వెళ్ళి, 'ఎ' అన్నా 'యాన్' అన్నా ఎవరో ఒకరు అనే అర్థమేనని, 'ద' అంటే పలానా వారు అనే అర్థమని చెవిలో వేశారు. ఆయన మైకు లాక్కున్నారు.

"ఎవరో ఒకణ్ణి ఏంది? నియోజకవర్గం మొత్తానికీ నేనొక్కణ్ణే గదా. 'ద' పెట్టండి."

మండపం దద్దరిల్లింది. అధికారి వెంటనే, 'ద' కూడా వస్తుంది సార్ అన్నారు. ఒక్క క్షణం ఆగి, అసలు 'ద' యే రావాలి సార్ అన్నారు. జవాబుల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. దాంతో షమీమ్ తో పాటు సాయితేజ జవాబూ తప్పయిపోయింది. వాడి మొహం చూస్తే నాకే జాలేసింది. వాడి స్కూలు వాళ్ళు గగ్గోలు పెట్టారు కానీ, యం.ఎల్.ఎ. గారి మాట మీద తిరుగు మాట ఎవరంటారు? మళ్ళీ సమానం.

మా అధికారి బుర్ర అలాంటప్పుడు పాదరసంలా పనిచేస్తుంది. ఇద్దరూ యం.ఎల్.ఎ. అనే మాట ముందు రెండు విశేషణాలకు తగ్గకుండా పెట్టి ఒక వాక్యం చెప్పాలి, వరస తప్పకూడదు, బాగా చెప్పినవాళ్ళకే సీటు అన్నారు. పెద్దమనిషి సింహాసనంలో సర్దుకుని కూర్చున్నారు.

సాయితేజ కళ్ళు మూసుకుని మంత్రం నెమరేసుకున్నాడు. అభిప్రాయం, సైజు, వయసు... తర్వాత గడగడా ఒక వాక్యం చదివాడు. హి ఈజ్ ద గ్రేట్ టాల్ యంగ్ ఇండియన్ యం.ఎల్.ఎ. వరస చక్కగా ఉంది. కానీ సింహాసనంలో ఉన్నాయన కాళ్ళు నేలకు ఆనడం లేదు. 'టాల్' అన్న మాట తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నట్టున్నారు, కండువాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ మాట యం.ఎల్.ఎ. గారికీ తెలుసు. ఆయన మొహం మాడింది.

షమీమ్ నా వైపు చూడలేదు. చున్నీ సరిచేసుకుని, మైకు దగ్గరికి వచ్చి, నెమ్మదిగా, ఒక్కొక్క మాట విడదీసి చెప్పింది.

"వుయ్ వాంట్ యాన్ ఆనెస్ట్ యంగ్ యం.ఎల్.ఎ."

అభిప్రాయం ముందు, వయసు తర్వాత, వరస ఒప్పు. 'ఆనెస్ట్' ముందు 'యాన్', అదీ ఒప్పు. వ్యాకరణంలో వేలు పెట్టడానికి సందు లేదు. 'ద' అని ఉంటే, నిజాయితీపరుడూ యువకుడూ అయిన ఈ యం.ఎల్.ఎ. గారే మాకు కావాలి అని అర్థం వచ్చేది. అది 'యాన్' అంది. అంటే అలాంటివాడు ఎవరైనా సరే ఒకడు కావాలి, ఇప్పటికైతే లేడు అని. ఇంత పెద్ద మాటను ఇంత చిన్న మాటలో పెట్టి పల్నాడు నడిబొడ్డున మైకులో చెప్పింది.

అధికారికి అర్థమైంది. 'యాన్' కాదు, 'ద' అనాలి కదా అని మొదలుపెట్టబోయి ఆగిపోయారు. ఎందుకు 'ద' అనాలో చెప్పాలంటే 'యాన్' అంటే ఏమిటో చెప్పాలి. ఆయన పక్కనే కూర్చున్న మనిషికి చెప్పాలి. చెప్పండి సార్, వింటున్నాం అన్నాను నేను. ఆయన మైకు కిందికి దించారు.

ఈలోగా యం.ఎల్.ఎ. గారి చెవిన రెండు మాటలు పడ్డాయి. ఒకటి ఆనెస్టు, ఒకటి యంగు. రంగు వేసిన జుట్టు మీద చెయ్యి వేసుకున్నారు. మొహం చాటంత అయింది. ఆయనే ముందు చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టాక వెనకవాళ్ళు కొట్టారు, శెట్టిగారు కొట్టారు, చివరికి మా అధికారి కూడా కొట్టారు.

"ఈ పిల్లకే ఇయ్యండి. చానా బాగా చెప్పింది."

సీటు షమీమ్ కు వచ్చింది. నా ఉద్యోగంలో నేను కొట్టిన చప్పట్లన్నీ కలిపినా ఆ రోజు కొట్టినంత ఉండవు. ఏడుస్తూ కొట్టాను, ఎవరు చూస్తే నాకేం.

మనం పాఠం చెప్పేది పరీక్ష కోసమని, పేపర్లు దిద్దితే పని అయిపోయిందని మీరు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. పిల్లలు ఆ మూడు చిన్న మాటల్ని తీసుకుని ఎక్కడ వాడతారో మనకు తెలియదు. అందుకని సరిగ్గా నేర్పండి. ఎక్కడ వాడాలో వాళ్ళే చూసుకుంటారు.

బయట చెట్టు కింద నాగూర్ వలీ బండి పక్కన నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదట, బట్టలకు గ్రీజు మరకలున్నాయని. సీటు వచ్చిందని చెప్పగానే నాకు దణ్ణం పెట్టబోతే వద్దన్నాను. ఇంతకీ అంతమంది ముందర ఏం చెప్పావమ్మా అని కూతుర్ని అడిగాడు.

షమీమ్ ఒకసారి మండపం గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి తెలుగులో చెప్పింది. "మాకు నిజాయితీ ఉన్న కుర్ర యం.ఎల్.ఎ. ఒకడు కావాలన్నాను, అబ్బా."

ఆయన నవ్వలేదు. తనూ గుమ్మం వైపు చూశాడు. యం.ఎల్.ఎ. గారి మనుషులు కార్ల దగ్గర గుంపుగా ఉన్నారు.

"ఇంగ్లీషులో అన్నావు గాబట్టి సీటొచ్చింది. తెలుగులో అనుంటే రేపు షాపు ఉండేది గాదు. ఎక్కు, పోదాం."

షమీమ్ ఎక్కింది. ఆయన ఇంజను చప్పుడు కాకుండా, రోడ్డు దాకా బండిని కాళ్ళతోనే తోసుకుంటూ వెళ్ళి, అక్కడ స్టార్ట్ చేశాడు.